వాయించే వీణ కావాలి

తిరుపతి బస్సు మదనపల్లె బస్టాండు వదిలింది. మన ముందు సీట్లో ఒక మేనమామ, ఒక మేనకోడలు ఉన్నారు. మామది పుంగనూరు, చింతపండు వ్యాపారం. అమ్మాయిది కుప్పం, మదనపల్లెలో హాస్టల్లో ఉండి చదువుకుంటోంది. ఇద్దరూ బొబ్బిలి పోతున్నారు వీణ కొనడానికి. మనమూ వాళ్ల వెంట పోదాం రండి.

అసలా పిల్ల అడిగింది వీణ కాదు, గిటారు. బెంగళూరులో కొన్న ఫ్యాక్టరీ గిటారు ఒకటి ఇప్పటికే ఆమె దగ్గరుంది. వీడియోలు చూసి తనే నేర్చుకుంది. చేయి తిరిగేకొద్దీ ఆ గిటారులో లోపాలు చెవికి తగలడం మొదలైంది. కంపెనీ సరుకు కాకుండా, ఒక మనిషి కూర్చుని ఒక్కొక్కటిగా చేసే గిటారు కావాలంది. దాని ధర విన్నాక మామ కాసేపు నోరు తెరవలేదట.

"అంత దుడ్డు పెట్టి చేత్తో చేసిందే కొనాలంటే, టీచరమ్మ దగ్గర నేర్చుకుంటా ఉండావు కదా, ఆ వీణే కొందాం పద. అది చేసేవాళ్లు మన రాష్ట్రంలోనే ఉండారంట" అన్నాడు చివరికి.

పిల్లకు మాట నచ్చింది. టీచరమ్మ ఇంట్లో ఉన్నది ఒకటే వీణ. నేర్చుకునేవాళ్లంతా వంతులవారీగా దాని ముందు కూర్చోవాలి. సాధన చేద్దామని హాస్టలుకొచ్చి గిటారు మీద సరళి వరసలు వాయిస్తే అవి అదోలా పలుకుతాయి. గమకం ఉండాల్సిన చోట స్వరం టక్కున తెగిపోతుంది.

ఊరు దాటకముందే ఒక మాట చెప్పాలి. 1919 ఫిబ్రవరిలో రవీంద్రనాథ్ టాగోర్ మదనపల్లె థియొసాఫికల్ కాలేజీకి వచ్చారు. ప్రిన్సిపాల్ జేమ్స్ కజిన్స్ పిలిస్తే వచ్చి, 'జన గణ మన' పాడి వినిపించారు. కజిన్స్ భార్య మార్గరెట్ ఐర్లండులో సంగీతం చదువుకున్న మనిషి. ఆ పాట బాణీకి స్వరాలు రాసిపెట్టింది ఆవిడే. టాగోర్ పాటను ఇంగ్లీషులోకి మార్చిందీ ఇక్కడే. ఇంత పెద్ద పాటకు స్వరం రాసిన ఊళ్లో ఈనాడు ఒక పిల్లకు వీణ కావాలంటే రాత్రంతా రైల్లో కూర్చోవాలి. ఇందులో ఎవరి తప్పూ లేదు. కర్ర ఉన్నచోటే వాద్యం పుడుతుంది. వీణకు పనికొచ్చే ముదురు పనస మా మెట్టనేలల్లో అరుదు. ఇక్కడ కానుగ, వేప, చింత. చింతకైతే పుంగనూరు మార్కెట్ ఉంది.

పీలేరు దాటింది. భాకరాపేట ఘాట్ దిగుతుంటే బస్సు మలుపు మలుపుకూ ఒరుగుతోంది. కిటికీలోంచి చూడండి, ఇది శేషాచలం అడవి. ఎర్రచందనం ప్రపంచంలో మరెక్కడా సహజంగా పెరగదు, ఈ తూర్పు కనుమల దక్షిణపు కొసల్లోనే పెరుగుతుంది. నీళ్లలో వేస్తే మునిగేంత బరువైన కర్ర. జపాన్‌లో షామిసెన్ అని మూడు తీగల వాద్యం ఉంది. దానిలో మేలురకం వాటికి దండి మన ఎర్రచందనంతోనే చేస్తారు. 1995 నుంచి ఈ చెట్టు అంతర్జాతీయ వాణిజ్య నియంత్రణ జాబితాలో ఉంది. పిల్ల ఈ సంగతి ఫోనులో చదివి వినిపిస్తే మామ నవ్వాడు.

"మన చెట్టు మనం ముట్టుకుంటే జైలు, జపానోళ్లు పట్టుకుంటే సంగీతం."

గిటారు కథా ఇంచుమించు ఇంతే. బ్రెజిల్ రోజ్‌వుడ్ దొరకడం కష్టమై, 1969లో అమెరికాలోని మార్టిన్ గిటార్ల కంపెనీ మన జిట్రేగి చెక్కకు మారింది. అప్పటినుంచి పేరున్న గిటార్లలో చాలావాటికి వీపూ పక్కలూ దక్షిణ భారతపు అడవుల కర్రే. బెంగళూరు షాపులో ఆ పిల్ల వేలు పెట్టి చూసి, ధర చూసి వెనక్కి పెట్టేసిన గిటార్లలో మన జిట్రేగి ఎన్నింటికి ఉందో!

తిరుపతిలో పూరీ రైలు ఎక్కాం. రైలు ప్రయాణంలో చెప్పుకోదగ్గది ఏమీ లేదు. గూడూరు, నెల్లూరు, విజయవాడ దాటాయి. తరవాత నిద్ర. తెల్లవారకముందే విజయనగరంలో దింపేసింది. ప్లాట్‌ఫారం మీద టీ తాగుతూ పిల్ల లెక్క వేస్తోంది. ఇక్కడి మహారాజా సంగీత కళాశాల పుట్టింది కూడా 1919లోనే, మొదటి ప్రిన్సిపాల్ ఆదిభట్ల నారాయణదాసు. మదనపల్లెలో టాగోర్ పాడిన ఏడాదే ఇక్కడ సంగీతానికి బడి కట్టారన్నమాట. ద్వారం వెంకటస్వామి నాయుడు వయొలిన్ నేర్పిందీ ఈ బడిలోనే. మామకు ఈ పేర్లు పట్టలేదు. "బొబ్బిలి బస్సు ఎన్నింటికి?" అని వాకబు చేసుకొచ్చాడు.

గజపతినగరం, రామభద్రపురం దాటేసరికి ఎండ ఎక్కింది. రోడ్డు పక్కన జీడిమామిడి, మామిడి, అక్కడక్కడ ఇళ్ల పెరళ్లలో మొదలు నుంచే కాయలు పట్టుకున్న పనసలు. పిల్ల వేలు పెట్టి చూపించింది. "మామా, వీణలు కాస్తా ఉండాయి చూడు."

బొబ్బిలి అంటే మనకు 1757 జనవరి యుద్ధం, తాండ్ర పాపారాయుడు గుర్తొస్తారు. ఊళ్లోకి దిగితే కోట కంటే ముందు ఆటోలు, బట్టల షాపులు కనిపిస్తాయి. వీణలు చేసే గొల్లపల్లి పట్నానికి ఆనుకునే ఉంది. "వీణలు చేసేవాళ్ల దగ్గరికి" అంటే ఆటోవాడు ఇంకేమీ అడగలేదు. బొబ్బిలి సంస్థానం ప్రభువుల ఆదరణలో ఈ పని మొదలైంది. సర్వసిద్ధి ఇంటిపేరు కుటుంబాలు తరాలుగా దీన్ని పట్టుకుని ఉన్నాయి. ఇప్పుడు బొబ్బిలి వీణకు భౌగోళిక గుర్తింపు కూడా ఉంది.

పనిచోటు ఒక పొడవాటి పాక. చెప్పులు విప్పి లోపలికి రండి. ముందు తగిలేది వాసన, కోసిన పనస కర్రది. తియ్యగా, కొద్దిగా పులుపు కలిసి ఉంటుంది. నేలంతా పసుప్పచ్చటి పేళ్లు. పనస కోసినప్పుడు ఆ రంగులోనే ఉంటుంది, ఏళ్లు గడిచేకొద్దీ తేనె రంగుకు, ఆ తర్వాత గోధుమ రంగుకు దిగుతుంది. మూలన నిలబెట్టిన దిమ్మల మీద సున్నంతో గుర్తులు ఉన్నాయి. ఒక కుర్రాడు కూర్చుని, రెండు పాదాల మధ్య దిమ్మను బిగించి, బాడిసతో కుండ బయటి వంపు తీస్తున్నాడు. అతని పక్కన ఇంకొకరు లోపలి వైపు ఉలితో తొలుస్తున్నారు. ఉలి దెబ్బ శబ్దం మారినప్పుడల్లా ఆగి, బొటనవేలితో అంచు మందం తడుముతున్నారు. ఇక్కడ కొలబద్ద ఉంది గానీ అది గోడకే వేలాడుతోంది.

బొబ్బిలి వీణ ప్రత్యేకత ఇక్కడే తెలుస్తుంది. కుండ, దండి, చివరన యాళి తల, మూడూ ఒకే మానులోంచి తీస్తారు, ఎక్కడా అతుకు ఉండదు. కుండ మీద మూసే పలక మాత్రం వేరే చెక్క. అందుకే చెట్టు లావుగా, నిటారుగా, పుచ్చు లేకుండా, బాగా ముదిరి ఉండాలి. అలాంటి పనస మాను ఇప్పుడు తేలిగ్గా దొరకడం లేదు. దొరికినా దాన్ని కోసి తెచ్చేదాకా ఖర్చే. ఎంత పెద్ద మాను తెచ్చినా అందులో ఎక్కువ భాగం పేళ్ల కిందే పోతుంది.

పెద్దాయన వచ్చారు. పంచె మీద పేళ్లు, చెవి మీద పెన్సిల్.

"ఏ ఊరు బాబూ?"

"పుంగనూరు, చిత్తూరు పక్క."

"పొట్టి ఆవులుంటాయి కదేటి, ఆ పుంగనూరేనా?"

"ఆ పుంగనూరే సామీ. ఇప్పుడు ఆవులకన్నా వాటి ఫొటోలే ఎక్కువ మా దగ్గిర."

పెద్దాయన నవ్వి చాప వేయించారు.

చాప పక్కన అరలో వరసగా జానెడు వీణలున్నాయి. గాజు పెట్టెలో పెట్టి సభల్లో అతిథికి చేతికిచ్చేవి. వాటికీ యాళి ఉంది, బిరడాలున్నాయి, తీగలూ ఉన్నాయి. మీటితే టిక్ మంటాయి, అంతే. ఈ జ్ఞాపికల వల్లే చాలా ఇళ్లలో పొయ్యి వెలుగుతోంది, కాబట్టి చేసేవాళ్లను అనడానికి లేదు. వాయించే వీణ ఒకటి చేయడానికి నెల దాకా పడుతుంది, అది అడిగేవాళ్లు ఎప్పుడో ఒకరు. జ్ఞాపికకు ఆర్డర్లు డజన్లలో వస్తాయి. నన్నడిగితే తప్పు మనదే. వీణంటే శాలువాతో పాటు ఇచ్చే వస్తువని మనమే తేల్చేశాం.

మామ కన్ను గోడకు ఆనించిన పెద్ద వీణ మీద పడింది. దండి పొడవునా లతలు, కుండ మీద నెమళ్లు, యాళి నోట్లో తెల్లటి పళ్లు. వేలితో చెక్కుడు తడిమి, పైకెత్తి బరువు చూసి, కిందపెట్టి, "ఇది బాగుంది. ఎంత చెప్తారు?" అన్నాడు.

"అది చూడ్డానికి బాగుంటది బాబూ. పాప వాయిస్తాదా, ఇంట్లో పెడతాదా?"

"వాయిస్తాను తాతగారూ" అంది పిల్ల.

"అలగైతే ఇటు రా తల్లీ."

ధర సంగతి ఇక్కడ రాయను. కర్రను బట్టి, నగిషీని బట్టి మారుతుంది, మీరు వెళ్లేనాటికి ఇంకోలా ఉంటుంది. చింతపండు బేరంలో పండిపోయిన మామ ఎంత తగ్గించగలిగాడో మాత్రం చెప్పగలను. ఏమీ తగ్గించలేకపోయాడు. "కర్ర కొన్న రేటు సెప్తాను, కూలీ మీరే వెయ్యండి" అని పెద్దాయన అనగానే మామ వేళ్ల మీద లెక్క మొదలుపెట్టి, మధ్యలోనే ఆపేశాడు.

పెద్దాయన లోపలినుంచి ఇంకో వీణ తెచ్చారు. నగిషీ దాదాపు లేదు. దండి అంచు వెంట ఒక సన్నటి గీత, అంతే. పిల్ల ముందు పరచి, తను ఎదురుగా కూర్చుని కుండ మీద గోరుతో తట్టారు. ఆ తర్వాత ఒక దిమ్మ మీద తట్టారు. రెండూ వినమన్నారు. మొదటిది కొంచెంసేపు మోగి ఆగింది, రెండోది ఠప్పున చచ్చింది. గిటారు చేసేవాళ్లూ పై పలకను ఇలాగే తట్టి వింటారని పిల్లకు తెలుసు, వీడియోలో చూసింది. ఎదురుగా కూర్చుని వినడం ఇదే మొదలు.

వాయించమన్నారు. పిల్ల సారణి తీగను ఖాళీగా మీటి చెవి ఒగ్గింది. నాదం సాగింది, సాగింది, గది బయట మోటారు బండి పోయాక కూడా ఇంకా కొంచెం మిగిలే ఉంది. పంచమం, మంద్రం, అనుమంద్రం, తర్వాత పక్కనున్న మూడు తాళ తీగలు మీటింది. ఆ తర్వాత మొదటి మెట్టు నుంచి 24వ మెట్టు దాకా ఒక్కొక్కటీ నొక్కుతూ పోయింది. ఒకచోట తీగ జుర్రుమంది. పెద్దాయన చేయెత్తి ఆపారు. ఆ మెట్టు దగ్గర వంగి, ఒక కన్ను మూసి, దండి పొడవునా చూశారు. "మేళం దిగింది" అన్నారు.

ఇప్పుడు దగ్గరికి రండి, ఇది చూసి తీరాలి. వీణ మెట్లు చెక్కలో దిగ్గొట్టినవి కావు. తేనెమైనంలో మసి కలిపి, కరిగించి, దండికి రెండు వైపులా కట్టలు కడతారు. ఆ నల్లటి మైనం మీద కంచు మెట్లు కూర్చోబెడతారు. ఈ అమరికే మేళం. పెద్దాయన సన్నటి ఇనుపకడ్డీ కాల్చి మైనానికి ఆనించారు. మైనం మెరిసి మెత్తబడింది. మెట్టును రెండు వేళ్లతో పట్టుకుని, తీగ మీటి, విని, జరిపి, మళ్లీ మీటారు. జరిపింది కంటికి ఆనదు. మూడోసారి మీటినప్పుడు పిల్ల కళ్లు పెద్దవయ్యాయి, స్వరం కుదిరింది. పెద్దాయన అప్పటికే మెట్టు నొక్కిపట్టి మైనం మీద ఊదుతున్నారు.

గిటారు ఫ్రెట్లకు లెక్క ముందే ఉంటుంది. తీగ పొడవు తెలిస్తే ప్రతి ఫ్రెట్టూ ఎక్కడ ఉండాలో కాగితం మీద తేలిపోతుంది, వెయ్యి గిటార్లకూ అదే లెక్క. వీణకు 24 మెట్ల అమరికను 17వ శతాబ్దంలో తంజావూరు రఘునాథ నాయకుడి కాలంలో స్థిరపరిచారని చెబుతారు. మెట్టును దాని చోట కూర్చోబెట్టడం మాత్రం ఇప్పటికీ చెవి పనే. అందువల్లే రెండు వీణలు ఒక్కలా ఉండవు.

"ఏ శ్రుతి తల్లీ మీ టీచరమ్మది?"

"మూడు."

"తీగ దానికి తగ్గట్టు కడతాను. ఏదీ, ఏడో మెట్టు మీద తీగ లాగు."

పిల్ల లాగింది. గిటారు అలవాటుతో కొంచెం భయంగా, ఒక స్వరం దాకానే. "ఇంకా" అన్నారు. రెండో స్వరం. "ఇంకా." మూడో దాకా పోయేసరికి తీగ మైనానికి తగలకుండా, బిరడా జారకుండా నిలబడింది. ఆమె నవ్వింది. ఈ పరీక్షకు నిలిచిన వీణ గమకానికి నిలుస్తుంది. షాపులో వేలాడే వీణల దగ్గర ఎవరూ ఇది చేసి చూడరు, చూడమని చెప్పరు.

మామ అప్పటిదాకా గోడ దగ్గరే ఉన్నాడు. ఇప్పుడు వచ్చి చాప మీద కూర్చున్నాడు. "ఇదే కావాలి. కట్టేయండి" అన్నాడు.

"ఇది వేరేవాళ్లది బాబూ. బయానా ఇచ్చి ఎల్లారు. పాపకి వినిపిద్దామని తీశాను."

మామ ముఖం చూడాలి. పుంగనూరు మార్కెట్లో ఆయన ముందు ఇంకొకరి సరుకు చూపించి, అమ్మకుండా లోపల పెట్టేసినవాళ్లు ఉండి ఉండరు.

పెద్దాయన లేచి మూలనున్న దిమ్మల దగ్గరికి తీసుకెళ్లారు. మూడింటిని తట్టారు. పిల్లనూ తట్టి చూడమన్నారు. ఆమె రెండోదాని దగ్గర ఆగింది. ఆయన ఏమీ అనలేదు. పెన్సిల్‌తో దానిమీద 'కుప్పం' అని రాశారు.

"నగిషీ ఎంత కావాలి?"

"వద్దు తాతగారూ. యాళి మాత్రం ఉండాలి."

"మీ పక్క ఎండలెక్కువేటి?"

"కుప్పం చల్లనే. ఎండలు కడప పక్క" అన్నాడు మామ, కడప మీదికి నెట్టేస్తూ.

"ఎక్కడైనా ఒకటే. కారు తలుపులేసి లోపల వదిలీకండి, మైనం దిగిపోద్ది. గోడకి ఆనించి నిలబెట్టకండి. కొన్నాళ్లకి మేళం మళ్లీ కట్టించాలి. మీ ఊళ్లో కట్టేవాళ్లు ఉన్నారేటి?"

పిల్ల మామ వంక చూసింది. మదనపల్లె, పుంగనూరు, కుప్పం మూడూ తలచుకున్నా పేరు తట్టలేదు. టీచరమ్మ వీణ మేళం ఎవరు కట్టారో ఆమెకు తెలియదు. పనివాడి దగ్గర నేరుగా కొనేటప్పుడు ఇది అసలు చిక్కు. వీణ ఒక్కసారి కొంటాం, మేళం జీవితాంతం ఉంటుంది. పెద్దాయన ఆ సంగతి దాచకుండా ముందే చెప్పారు, ఇక్కడే ఆయన మీద నమ్మకం కుదిరింది. తీసుకెళ్లడానికి వచ్చినప్పుడు ఒక పూట ఉంటే మెట్టు సర్దడం తనే చూపిస్తానన్నారు. పిల్లకు రెండు మూడుసార్లు చేయి కాలాలి, అంతే.

మామ డబ్బు లెక్కపెట్టి బయానా ఇచ్చాడు. పెద్దాయన చిన్న పుస్తకంలో తేదీ, శ్రుతి, ఫోను నంబరు రాసుకున్నారు. రసీదు అడిగితే అదే పుస్తకంలోంచి కాగితం చింపి రాసిచ్చారు.

బొబ్బిలి వైపు వెళ్లే పని మీకూ పడితే గొల్లపల్లిలో ఒక గంట ఆగండి. ఇంట్లో నేర్చుకునే పిల్ల ఉంటే ఆ పిల్లను తీసుకెళ్లండి, మీ చెవి కాదు, తన చెవి నచ్చాలి. గాజు పెట్టెలో వీణ వద్దని, వాయించే వీణ కావాలని మొదటి మాటలోనే చెప్పండి. తీగ లాగి చూడకుండా డబ్బు ఇవ్వకండి. నెల ఆగమంటే ఆగండి, బేరం ఆడకండి. సభల్లో జ్ఞాపికలు పంచే సంఘాలవాళ్లు ఇది చదువుతుంటే, ఏడాదికి ఇచ్చే గాజు పెట్టెల డబ్బుతో ఒక సంగీత పాఠశాలకు ఒక పెద్ద వీణ కొనిపెట్టండి. మదనపల్లెలో ఒకే వీణ ముందు వంతుకోసం కూర్చున్న పిల్లలు ఇంకా ఉన్నారు.